గొంతులో గడ్డ... ఇంట్లో అందరికీ చెప్పాల్సిన కబురు

'థైరాయిడ్ క్యాన్సరా? ఫర్వాలేదులే, క్యాన్సర్లలో అదే నయం' అంటుంటారు. చాలావరకు నిజమే. ఎక్కువమందికి వచ్చే పాపిల్లరీ రకం నెమ్మదిగా పెరుగుతుంది. ఆపరేషన్ చేసి, అవసరమైతే రేడియో అయోడిన్ ఇస్తే చాలామంది మామూలుగా బతికేస్తారు. కానీ ఆ మాట వర్తించని రకం ఒకటుంది. పేరు మెడుల్లరీ. థైరాయిడ్ క్యాన్సర్లలో ఇది వందకు అయిదు లోపే.

థైరాయిడ్ గ్రంథిలో హార్మోన్ తయారుచేసే కణాలు కాక 'సి' కణాలని వేరే ఉంటాయి. కాల్సిటోనిన్ తయారయ్యేది వాటిలోనే, మెడుల్లరీ పుట్టేదీ వాటిలోనే. ఇవి అయోడిన్‌ను పీల్చుకోవు కాబట్టి రేడియో అయోడిన్ ఇక్కడ పనిచేయదు. ఆపరేషనే ముఖ్యం. ఇంకో చిక్కు... టీ3, టీ4, టీఎస్‌హెచ్ రిపోర్టు సాధారణంగా నార్మల్‌గానే వస్తుంది. దాన్ని చూసి 'అంతా బాగుంది' అని గడ్డను వదిలేయకూడదు.

అద్దం ముందు నిలబడి గుక్కెడు నీళ్లు మింగి చూడండి. మింగినప్పుడు పైకి కదిలే గడ్డ థైరాయిడ్‌ది కావచ్చు. (ఇలాంటి గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. కంగారు వద్దు.) గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, మెడ పక్కన బిళ్లలు కట్టినా ఆలస్యం చేయొద్దు. స్కానింగ్, సూదితో కణాలు తీసి చూసే పరీక్ష, అనుమానముంటే కాల్సిటోనిన్ పరీక్ష చేస్తారు.

అసలు సంగతి ఇప్పుడు. మెడుల్లరీ వచ్చిన ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి అది వంశపారంపర్యం. 'రెట్' అనే జన్యువులో లోపమే కారణమని 1993లో తేలింది. 'మాది మేనరికం కాదుగా, వంశపారంపర్యం ఎలా అవుతుంది?' అనిపించొచ్చు. దీనికి మేనరికంతో పనిలేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఆడా మగా తేడా లేదు.

అంటే పెనుకొండలో అన్నకు ఈ లోపం బయటపడితే, ధర్మవరంలో కాపురముంటున్న చెల్లెలూ, హిందూపురంలో చదువుకుంటున్న తమ్ముడూ రక్తపరీక్ష చేయించుకోవాలి. మనవాళ్లు చేసేది దీనికి తిరకాసు. 'ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంది, బయటికి పొక్కితే సంబంధాలు రావు' అని తోబుట్టువులకు కూడా చెప్పరు. ఆ దాపరికం ఎవరి పిల్లల మెడకు చుట్టుకుంటుందో ఆలోచించండి! లోపం లేదని తేలితే ఆ దిగులే ఉండదు, వాళ్ల పిల్లలకూ అది పోదు. ఉందని తేలితే, క్యాన్సర్ పుట్టకముందే పిల్లలకు గ్రంథిని తీసేయొచ్చు. ఏ వయసులో అన్నది లోపం రకాన్ని బట్టి డాక్టర్లు చెబుతారు. తర్వాత జీవితాంతం రోజూ హార్మోన్ మాత్ర వేసుకోవాలి, అంతే.

ముదిరినవారికి కొత్త మందులూ ఉన్నాయి. రెట్ లోపాన్నే గురిపెట్టే సెల్పర్కాటినిబ్‌కు 2020లో అమెరికా అనుమతిచ్చింది. కానీ ముందే పట్టుకోవడానికి అది సాటి కాదు.

మన మూడు ఊళ్లూ బెంగళూరు రైలుమార్గంలోనే ఉన్నాయి. అక్కడ కిద్వాయ్ ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎక్కడికెళ్లినా ఇంట్లో వాళ్ల పాత బయాప్సీ రిపోర్టు జిరాక్సు వెంట తీసుకెళ్లండి. బీపీ ఒక్కసారిగా పెరగడం, గుండెదడ, చెమటలు ఎవరికైనా ఉంటే అదీ చెప్పండి. ఈ లోపమున్నవారిలో కొందరికి కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథుల్లోనూ గడ్డలు వస్తాయి. గొంతు ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేముందే వాటి సంగతి తేల్చుకోవాలి.