మీనాక్షికి అక్షరం కనబడలేదు

పనోరమా చిత్రాలకు ఏ ఫిష్ఐ కటకం కొనాలని అడిగినవారికల్లా మన ఛాయాగ్రాహక మిత్రులు ఒకటే మంత్రం ఉపదేశిస్తుంటారు: "అన్నిటికంటె వెడల్పుగా చూసేది కొనండి. నాలుగు పటాలతో పని ముగిసిపోతుంది." ఒకప్పుడు ఈ ఉపదేశాన్ని నేనూ చెవిన పెట్టాను. అందుకు చెల్లించిన మూల్యం కటకం ధరతో పోలేదు. కనుక ఈ టపాలో మాట కొంచెం కటువుగా ఉంటే మిత్రులు మన్నించాలి.

ముందుగా పేరు సంగతి. ఫిష్ఐ అన్న మాటను 1906లో అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ వాడుకలోకి తెచ్చాడు. నీటి అడుగునుండి పైకి చూచే చేపకు ఆకాశమంతా ఒక వలయంలో ఇమిడి కనబడుతుంది. ఆయన వివరించినది ఆ దృశ్యాన్నే. 1924లో ఇంగ్లండులో రాబిన్ హిల్ ఆకాశంలోని మబ్బులన్నిటినీ ఒకే పటంలో పట్టడానికి ఇటువంటి కటకంతో కెమెరాను రూపొందించాడు. దీనిని "చేపకన్ను" అనడంకన్న "మీనాక్షి" అనడం నాకిష్టం. అర్థం అదే, అందం అదనం. అయితే ఒక్క విషయం గమనించండి. మబ్బుల మీద అక్షరాలుండవు.

మా అమ్మమ్మగారి గోడమీద ఉండేవి.

ఆ ఇల్లు కోనసీమలో ఒక మండువా లోగిలి. నడుమ ఆకాశం, చుట్టూ వసారా, స్తంభాలు, వాలుగా దిగిన పెంకులు. గోళాకార పనోరమా కోసమే కట్టినట్టుండేది. వంటింటి వైపు గోడమీద అమ్మమ్మ తన పిల్లల పేర్లు, వారు పుట్టిన మాసం, పక్షం, తిథి బొగ్గుతో వ్రాసి పెట్టింది. సున్నం వేయించినప్పుడల్లా ఆ మేరకు వదిలేయించేది. మా అమ్మకు బడిలో వేసినది పంతులుగారు తోచినట్టు వేసిన తేదీ. అసలు పుట్టినరోజుకు ఆ గోడ తప్ప వేరే సాక్ష్యం లేదు.

ఇల్లు అమ్ముడుపోతున్నదని తెలిసి 2015 సంక్రాంతికి నేనొక్కణ్ణే వెళ్ళాను. 24 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, దానికి ఒక దుకాణంవారి సలహామీద కొన్న 8 మి.మీ. వలయాకార ఫిష్ఐ. మండువా నడుమ నిలబడి నాలుగు పటాలు తీశాను. పావుగంటలో పని అయిపోయిందని మురిసిపోయాను. గోడమీది వ్రాతను కాగితం మీదికి ఎక్కించుకోవాలన్న ఆలోచనే రాలేదు, ఫొటో ఉన్నది గదా! 2016లో ఇల్లు పడగొట్టారు. ఆ తరువాత ఒకనాడు అమ్మ అడిగింది: "జ్యేష్ఠమాసం సప్తమి అని గుర్తుందిరా. శుద్ధమో బహుళమో చూసి చెప్పు." పటం తెరిచి పెద్దది చేశాను. స్తంభాలున్నాయి, పెంకులున్నాయి, ఆకాశమున్నది. గోడమీద ఒక చీమలబారు ఉన్నది. అక్షరం మాత్రం లేదు.

లెక్క వేసి ఉంటే ఇది ముందే తెలిసేది. 24 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద 8 మి.మీ. ఫిష్ఐ పటం మధ్యభాగంలో ఒక డిగ్రీకి సుమారు 23 పిక్సెళ్ళు ఇస్తుంది. 15 మి.మీ. ఫిష్ఐ అయితే సుమారు 44. మూడు మీటర్ల దూరాన ఉన్న గోడమీద రెండు సెంటీమీటర్ల అక్షరం 0.4 డిగ్రీలకు కొంచెం తక్కువ మేర ఆక్రమిస్తుంది. అంటే మొదటి కటకంలో దానికి దక్కేది దాదాపు 9 పిక్సెళ్ళు, రెండవదానిలో 17. మన లిపిలో గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, వత్తు అన్నీ ఆ కొద్ది చోటులోనే సర్దుకోవాలి. తొమ్మిది పిక్సెళ్ళలో "శు" ఏది, "బ" ఏది? పదిహేడింటిలో పోల్చుకునే ఆశ ఉన్నది. అదే గోడను మామూలు 35 మి.మీ. కటకంతో విడిగా ఒక పటం తీసి ఉంటే 40 పిక్సెళ్ళకు దగ్గరగా దక్కేవి.

"పటాలు తగ్గితే కుట్లు తగ్గుతాయి, కుట్లు తగ్గితే తప్పులు తగ్గుతాయి" అన్నది వెడల్పు పక్షంవారి రెండవ వాదం. వినడానికి బాగానే ఉన్నది. కాని కుట్టులో తప్పు పుట్టేది పారలాక్స్ వల్ల. కాంతి లోనికి ప్రవేశించినట్టు కనబడే బిందువు చుట్టూ కెమెరాను తిప్పితే అది పోతుంది. ఫిష్ఐలో ఆ బిందువు స్థిరంగా ఉండదు. చూపు అంచుకు వెళ్ళేకొద్దీ జరుగుతుంది. నాలుగు పటాలతో చుట్టివస్తే కుట్టు మధ్యనుండి 45 డిగ్రీల పక్కన పడుతుంది. ఆరింటితో చుట్టివస్తే 30 డిగ్రీల దగ్గరే పడుతుంది. అంటే పటాలు తగ్గించినకొద్దీ మనం కటకపు అంచుమీద ఎక్కువ ఆధారపడుతున్నాం. ఫిష్ఐలు సాధారణంగా అంచుల దగ్గర దృశ్యాన్ని కుదించి చూపుతాయి. సమ్యాంగ్ 8 మి.మీ. కటకంలా స్టీరియోగ్రాఫిక్ పద్ధతికి దగ్గరగా ఉండేవి ఇందుకు మినహాయింపు. ఇక కుట్టుపని శ్రమ అంటారా? హెల్ముట్ డెర్ష్ 1998లో పనోరమా టూల్స్ విడుదల చేశాడు. దానిమీద నిలిచిన హగిన్ ఉచితం. ఎనిమిది పటాలను కుట్టడం దానికి ఒక పనే కాదు.

వెడల్పు కటకాన్ని నేను వెలివేయమనడం లేదు. రథోత్సవంలో జనం కదులుతుంటే, కర్రకు కెమెరా కట్టి పైకెత్తితే, పటాలు ఎంత తక్కువైతే అంత మేలు. అక్కడ 8 మి.మీ. కటకమే సరైనది. రెండు పనులూ ఉన్నవారికి 2010లో కానన్ ప్రకటించిన 8-15 మి.మీ. జూమ్ వంటివి ఉన్నాయి. చిన్న సెన్సర్ కెమెరా ఉన్నవారు చిన్నబుచ్చుకోనక్కరలేదు కూడా. 24 మెగాపిక్సెళ్ళ చిన్న సెన్సర్ మీద, నికాన్ 2003లో తెచ్చిన 10.5 మి.మీ. వంటి కటకం, ఫుల్‌ఫ్రేమ్ మీది 15 మి.మీ. కటకానికి ఏమాత్రం తీసిపోని వివరాన్ని ఇస్తుంది. చుట్టూ ఆరు, పైన ఒకటి, కింద ఒకటి. అంతే.

నా ఫిర్యాదల్లా ప్రశ్న తప్పు చోట మొదలవుతున్నదని. "ఎన్ని పటాలతో అయిపోతుంది?" అని దుకాణానికి వెళ్ళేవాడు తన సౌకర్యాన్ని కొనుక్కుంటున్నాడు. ఆ పటంలో రేపు ఎవరైనా చదవవలసిన అతిచిన్న అక్షరం ఎంత ఉన్నది, అది ఎంత దూరాన ఉన్నది? ముందు ఆ గోడ దగ్గరికి వెళ్ళి కొలవండి. ఆపైన కటకం సంగతి ఆలోచించండి. మన ఊళ్ళలో లోగిళ్ళు, సత్రాలు, బడిగోడలు ఒక్కొక్కటే పోతున్నాయి. రెండవసారి తీయడానికి అవి ఉండవు.

అమ్మ ఇప్పుడు జ్యేష్ఠమాసంలో రెండు సప్తములకూ తలంటి పోసుకుంటున్నది. "ఏదో ఒకటి నిజమవుతుందిలే" అంటుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఈ టపా వ్రాయించింది.