వీథులలో వేగనిగ్రహము

తిరుపతిలో శ్రీనివాససేతువునకు 2023 సెప్టెంబరులో ప్రారంభోత్సవము జరిగినది. యాత్రికుల వాహనములు నగర సమ్మర్దమును తప్పించుకొని కొండదారి పట్టుటకు వీలు కలిగినది. సంతోషమే. కాని సేతువునకు దిగువ వీథులలో కాపురముండువారి క్షేమము మాటేమి?

వేగము రెట్టింపైనచో తాఁకిడి శక్తి నాలుగింతలగును. కనుకనే 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోములో సమావేశమైన ప్రపంచ మంత్రుల సభ, పాదచారులును వాహనములును కలిసి మెలఁగు చోట్ల గంటకు 30 కిలోమీటర్లను మించరాదని ప్రకటించినది.

మన నగరములలో ఆచారము వేఱు. ప్రమాదము జరిగిన మఱునాడు ఎవరో తారుగట్టు పోయుదురు. దానికి తెల్లగీతలుండవు, హెచ్చరిక ఫలకముండదు. చీఁకటిలో ద్విచక్రవాహనముపై వచ్చువాఁడు బోర్లపడును. ఆసుపత్రికి పోవు రోగి బాధ ఇనుమడించును. ఒక యపాయమును మాన్పఁబోయి మఱియొక యపాయమును తెచ్చుకొనుట వివేకమా? ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 1988లోనే కొలతలు నిర్ణయించినది: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల యెత్తు, గుండ్రని వంపు. అట్టి గట్టును 25 కిలోమీటర్ల వేగమున నిరపాయముగా దాఁటవచ్చును.

తిరుపతి, చిత్తూరు నగరపాలకులకు మా సూచన యిది. కొలతకు లొంగని గట్లను తొలగింపుఁడు. బడులు, ఆసుపత్రులు గల వీథులలో వాహనమార్గమును ఇఱుకుపఱచి, పాదచారులు దాఁటుచోట్లను ఎత్తు చేయుఁడు. ప్రమాణములను పాటింపక ప్రాణహానికి కారకులైనవారికి లక్ష రూపాయలవఱకు జరిమానాను 2019 నాటి మోటారు వాహన చట్టసవరణ విధించుచున్నది, దానిని మఱువరాదు.

కొండకు నడచువారికి అలిపిరిలో మెట్లు గలవు. బడికి నడచు బిడ్డకు వీథిలో దారి యుండవలదా?