బోనస్ రుజువు ఎవరి పని?

మా గిద్దలూరు వైపు కారు ఇన్సూరెన్సంటే పోలీసు ఆపితే చూపించే కాగితమే. నో క్లెయిం బోనస్ సంగతి కంపెనీ మారేటప్పుడే గుర్తొస్తుంది. క్లెయిం లేని మొదటి ఏడాదికి 20 శాతం, వరసగా ఐదేళ్ళకి 50 (ఓన్ డ్యామేజి ప్రీమియం మీదే లెండి, థర్డ్ పార్టీ మీద కాదు). ఆన్‌లైన్లో ఒక టిక్కు పెడితే తగ్గించేస్తారు. మరి ఆ టిక్కు తప్పని ఎప్పుడు కనిపెడతారు? నల్లమల ఘాట్‌లో బండి గుద్దుకుని క్లెయిం పెట్టాక! 2002 నాటి మోటార్ టారిఫ్‌లో అయితే కొత్త కంపెనీ 21 రోజుల్లో పాత కంపెనీకి రాయాలనీ, వాళ్ళు 30 రోజుల్లో జవాబివ్వాలనీ ఉంది. రెండు డేటాబేసుల మధ్య ఒక క్వెరీ అండీ, మనం రోజూ రాసేదే! ప్రీమియం తీసుకునేటప్పుడే అడిగితే ఏం పోయింది? అబద్ధమాడినవాణ్ణి వెనకేసుకు రావట్లేదు సుమా. వాళ్ళు మారేదాకా పాత పాలసీ, రెన్యూవల్ నోటీసు దాచుకోండి. పాలసీ ముగిసి 90 రోజులు దాటితే మాత్రం బోనస్ గోవిందా.