మూలాధారం పవిత్రం, పెరీనియం అసభ్యమా?

కుండలిని పేరు చెప్పి మూలాధార చక్రం మీద గంటలకొద్దీ ఉపన్యసించే స్వాములకు మన దేశంలో కొదవలేదు. ఆడామగా కలిసి కూర్చుని భక్తిగా వింటారు. ఆ చక్రం ఉందని వాళ్ళు చెప్పే చోటు మలద్వారానికీ జననేంద్రియానికీ మధ్య భాగం. వైద్యులు దాన్నే పెరీనియం అంటారు. తొలి కాన్పులో చాలామందికి చిరిగేదీ, డాక్టర్లు కోసి కుట్లు వేసేదీ అక్కడే. ఆ మాటెత్తితే మాత్రం "ఛీ, ఇవేం మాటలు!" అంటారు.

ఇక విషయానికొద్దాం. 35వ వారం దగ్గర్నుంచి గర్భిణి గానీ, ఆమెకిష్టమైతే భర్త గానీ, శుభ్రమైన చేతులతో, కాస్త నూనె రాసి ఆ భాగాన్ని వేళ్ళతో మెల్లగా సాగదీయడమే పెరీనియల్ మసాజ్. ఆధారం ఉందా? ఉంది. కెనడాలోని క్విబెక్‌లో జరిపి 1999లో ప్రచురించిన ప్రయోగం చూడండి. మొదటిసారి మామూలు కాన్పు అయినవాళ్ళలో, మసాజ్ చేసుకోనివారిలో 100కి 15 మంది చిరుగూ కోతా లేకుండా బయటపడితే, చేసుకున్నవారిలో 24 మంది బయటపడ్డారు. అంతకుముందే మామూలు కాన్పు అయినవారిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

రక్షణ శాఖ లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి, అంకెలతో ఆడే ఆటలు తెలుసు. 15 నుంచి 24 అంటే 9 మంది ఎక్కువ. నూనె అమ్మేవాడు దీన్నే "60 శాతం మెరుగు!" అని అచ్చేస్తాడు. లెక్క తప్పు కాదు, ఉద్దేశం తప్పు. మిగతా 76 మందికి చిరుగో కోతో తప్పలేదని చెప్పడు. "నొప్పి లేని కాన్పు గ్యారంటీ" అనే తైలాలకు ఈ ప్రయోగం సాక్ష్యం కాదు.

"మా అమ్మమ్మ పదిమందిని కంది, ఇవన్నీ చేసిందా?" అని అడిగేవాళ్ళున్నారు. అయ్యా, ఆవిడకు చిరిగితే కుట్టిందెవరు? ఎన్నాళ్ళు కూర్చోలేకపోయిందో మీకు చెప్పిందా? ఖాతాలో రాయనంత మాత్రాన ఖర్చు కాకుండా పోదు.

అందరికీ అలవాటుగా కోత పెట్టడం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ముహూర్తం పెట్టించి కడుపు కోయించడానికి సిగ్గుపడని ఇళ్ళలో, ఈ కాసేపటి మసాజ్ మాట ఎత్తడానికి సిగ్గు!

నేనడిగేది ఒక్కటే. ఏడో నెల పరీక్షకు వచ్చిన ప్రతి గర్భిణికీ డాక్టరో నర్సో ఈ సంగతి చెప్పాలి. లాభమెంతో, పరిమితి ఏమిటో, ఇన్ఫెక్షనో రక్తస్రావమో ఉంటే చేయకూడదనీ చెప్పాలి. చేసుకోవాలో వద్దో ఆమె ఇష్టం. శరీరం ఆమెది, కుట్లూ ఆమెకే.