‘మాన్‌స్టర్’ ముగింపు: ఆ గుండు ఎవరిది?

నావోకి ఉరసావా ‘మాన్‌స్టర్’ను తమ కాలపు గొప్ప కథల్లో ఒకటిగా ఎంచేవారు చాలామంది ఉన్నారు. ఆ మెప్పులో చాలా భాగం న్యాయమైనదే. 1994 చివర మొదలై 2001 చివర దాకా పత్రికలో సాగి, 18 సంపుటాలుగా వెలువడిన ఈ చిత్రకథను మసయుకి కొజిమా దర్శకత్వంలో మ్యాడ్‌హౌస్ సంస్థ 2004-05లో 74 భాగాల యానిమేగా తీసింది. మూలాన్ని అతి శ్రద్ధగా అనుసరించింది కనుక ముగింపులోని లోపం రెండింటికీ ఉమ్మడి. ఇంకా చూడనివారు, చూడదలచినవారు ఇక్కడ ఆగిపోవడం మంచిది. ముగింపును తూచాలంటే దాన్ని చెప్పక తప్పదు.

కథకు బీజం ఆపరేషన్ థియేటర్‌లో పడింది. 1986, డ్యుసెల్‌డార్ఫ్ నగరం. జపాన్ నుంచి వచ్చిన యువ న్యూరోసర్జన్ కెన్‌జో తెన్మా, ముందుగా వచ్చిన టర్కీ కూలీని వదిలి, డైరెక్టర్ ఆజ్ఞ ప్రకారం, తర్వాత వచ్చిన ఒపేరా గాయకుడికి శస్త్రచికిత్స చేస్తాడు. కూలీ చనిపోతాడు. అతని భార్య వచ్చి తెన్మాను నిలదీస్తుంది. కొద్దికాలానికే అదే సన్నివేశం మరో రూపంలో ఎదురవుతుంది. తలలో గుండు దిగిన యోహాన్ అనే బాలుడు ముందు వస్తాడు, నగర మేయరు తర్వాత వస్తాడు. ఈసారి తెన్మా ఆజ్ఞను ధిక్కరించి బాలుణ్ణి బతికిస్తాడు, మేయరు మరణిస్తాడు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ బాలుడే హంతకుడని తేలుతుంది. తాను ప్రాణం పోసినవాణ్ణి తానే అంతం చేయాలని తెన్మా తుపాకీ పడతాడు.

వరమిచ్చిన దేవుడి వెంటే పడిన భస్మాసురుడి కథ తెలిసిన పాఠకుడికి ఈ చిక్కు కొత్తది కాదు. అక్కడ శివుడి ఇరకాటాన్ని మోహిని వచ్చి తీరుస్తుంది, వరమిచ్చినవాడు చేయి ఎత్తనక్కరలేదు. పురాణానికి అది సరిపోతుంది. అన్ని ప్రాణాలూ సమానమేనా అన్న ప్రశ్నను 74 భాగాలపాటు నిప్పులా మండించిన కథకు సరిపోదు. ఉరసావా మాత్రం చివరికి ఒక మోహినినే పిలిచాడు. ఆమె ఈసారి తాగుబోతు తండ్రి రూపంలో వచ్చింది.

రూఎన్‌హైమ్ ఊళ్లో ఆ ఘట్టం తెలిసిందే. వానలో యోహాన్, ఎదురుగా తుపాకీతో తెన్మా, నడుమ విమ్ అనే పసివాడు. మనుషులందరూ సమానమయ్యేది చావులోనేనని యోహాన్ నమ్మకం. దాన్ని తెన్మా చేతే రుజువు చేయించాలని అతను పిల్లవాడి మీదికి తుపాకీ ఎత్తుతాడు. తెన్మా కాలిస్తే తన సిద్ధాంతాన్ని తానే చంపుకున్నట్టు. కాల్చకుంటే బిడ్డ ప్రాణం పోవచ్చు. ఇంత కఠినమైన ముడి వేసి, దాన్ని విప్పవలసిన క్షణంలో కథకుడు తప్పుకున్నాడు. విమ్ తండ్రి వచ్చి యోహాన్‌ను కాల్చేస్తాడు. అతని కళ్లకు అక్కడ మనిషి కాదు, ఏడు తలల మృగం కనబడుతోంది. అంటే నిర్ణయం తెన్మాది కాదు. కాల్చినవాడిదైనా పూర్తిగా కాదు. పాము చావకుండా, కర్ర విరగకుండా అన్నది ఇక్కడ అక్షరాలా జరిగింది: యోహాన్ చావలేదు, తెన్మా సూత్రం విరగలేదు.

సమర్థకుల దగ్గర గట్టి జవాబే ఉంది. మొదటిసారి తెన్మాకు ఆ బాలుడెవరో తెలియదు, రెండోసారి అంతా తెలిసీ మళ్లీ ఆపరేషన్ చేసి బతికిస్తాడు. అదే అతని సమాధానం, అదే అతని విజయం అంటారు. వినడానికి బాగుంది. కానీ ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు ఒక్కటిగా కలిసిపోయాయి. చేతిలో ఆయుధంతో ఒక బిడ్డను చంపబోతున్నవాణ్ణి ఆపడానికి కాల్చవచ్చా అన్నది ఒకటి. గాయపడి బల్ల మీద పడుకున్నవాడికి, వాడెవడైనా, చికిత్స చేయాలా అన్నది మరొకటి. రెండో ప్రశ్నకు వైద్యవృత్తి ఏనాడో బదులు చెప్పేసింది. యుద్ధంలో గాయపడినవాడు ఏ పక్షంవాడైనా చికిత్స చేయాలని 1864 నాటి జెనీవా ఒడంబడిక నుంచే ఉంది.

ఈ రెండు ప్రశ్నలూ వేరని చెప్పడానికి కల్పన అవసరం లేదు. 2008 నవంబరులో ముంబైలో కసబ్ తుపాకీని ఒట్టి చేతులతో పట్టుకుని, తూటాలు తింటూ కూడా వదలనివాడు తుకారాం ఓంబ్లే. అదే రాత్రి అదే నగరంలోని నాయర్ ఆసుపత్రిలో కసబ్‌కు వైద్యం చేశారు. 2013లో బోస్టన్ బాంబు దాడి నిందితుణ్ణి తీసుకువెళ్లింది బాధితుల్లో కొందరు చికిత్స పొందుతున్న ఆసుపత్రికే. ఆయుధాన్ని అడ్డుకున్న చేతికీ, గాయానికి కట్టు కట్టిన చేతికీ మధ్య ఏ వైరుధ్యమూ లేదు. తెన్మా విమ్‌ను కాపాడటానికి యోహాన్‌ను కాల్చి, మరుక్షణం పరుగెత్తి రక్తం ఆపి ఉన్నా అతని వైద్యధర్మానికి మచ్చ వచ్చేది కాదు. ఆ ముగింపు భయంకరంగా ఉండేది, నిజాయితీగానూ ఉండేది. కాల్చకపోవడమూ ఆపరేషన్ చేయడమూ ఒకే పుణ్యమన్నట్టు చూపడం వల్ల కథ మొదటి ప్రశ్నకు జవాబు ఎగవేసి, రెండోదానికి వచ్చే మార్కులు కొట్టేసింది.

ఇక చివరి దృశ్యం: పోలీసు ఆసుపత్రిలో ఖాళీ మంచం, తెరిచి ఉన్న కిటికీ. అంతవరకు స్పృహలేక పడి ఉన్న రోగి లేచి కిటికీ దాటగలడా అని అడగడం చిన్న అభ్యంతరం. (చిన్నదే అయినా, మంచం పట్టినవాడి కండరాలు ఎంత త్వరగా కరిగిపోతాయో, మొదటిసారి కూర్చోబెట్టడానికి ఫిజియోథెరపిస్టులు ఎంత శ్రమపడతారో చూసినవారికి అది గుచ్చుకోక మానదు.) అసలు అభ్యంతరం వేరు. యోహాన్ నిజంగా వెళ్లిపోయాడనుకుంటే, వాణ్ణి బతికించడం నేరమన్న భావనతోనే ఇన్నేళ్లు తిరిగిన తెన్మా మళ్లీ బయలుదేరాలి. బయలుదేరనక్కరలేదంటే, ఆ భావన మొదటి నుంచీ తప్పని కథ ఎక్కడో ఒప్పుకోవాలి. ఆ మాట ఎక్కడా లేదు. మంచం కేవలం ప్రతీక, పేరు తిరిగి పొందినవాడు విముక్తుడయ్యాడని సూచన అంటారా? అయితే అతను చంపినవాళ్ల లెక్క ఏ ప్రతీకలో తీరుతుంది? తల్లి ఇద్దరు కవలల్లో ఎవరిని వద్దనుకుందో అన్న యోహాన్ ప్రశ్న గుండె పిండేదే. కానీ హంతకుడి బాల్యవేదనకు ఇచ్చిన చివరి చోటులో సగమైనా హతులకు దక్కలేదు.

నిజానికి తెన్మా నేరం ఒకటుంది, అది యోహాన్ విషయంలో కాదు. బాలుణ్ణి బతికించడం అతను చేసిన సరైన పని. ఆ బాలుడు తర్వాత ఏం చేశాడన్నది సర్జన్ ఖాతాలో పడదు. పడితే ప్రపంచంలో ఏ డాక్టరూ కత్తి పట్టలేడు. తప్పు జరిగింది అంతకు ముందు, టర్కీ కూలీ వరుసలో ముందున్నా వదిలేసిన రాత్రి. ఆ రోగికి హక్కుగా దక్కవలసిన సర్జన్‌ను హోదా లాక్కుపోయింది, తెన్మా అందుకు తలవంచాడు. ఆసుపత్రుల్లో నిత్యం జరిగేది ఈ తప్పే. పరిచయాలున్నవాడు వరుస దాటుతాడు, ఎవరో ఒక కూలీ భార్య కారిడార్‌లో నిలబడి ఉంటుంది. సరైన పనికి కలిగిన పశ్చాత్తాపాన్ని దేశదేశాలూ తిప్పిన కథ, తప్పు పనికి కలగవలసిన పశ్చాత్తాపాన్ని మొదట్లోనే ముగించేసింది.

ముగింపులో అందరికీ ఏదో ఒక చోటు దొరికింది. నీనా లాయరు కాబోతోంది, ఇన్‌స్పెక్టర్ లుంగె పోలీసులకు పాఠాలు చెబుతున్నాడు, ఎవా కొత్త ఉద్యోగంలో కుదురుకుంది, తెన్మా సరిహద్దులు లేని వైద్యుల సంస్థలో చేరాడు. తన భర్త ముందు వచ్చాడు కదా, ఎందుకు వదిలేశారని అడిగిన ఆ స్త్రీ మాత్రం ఏ చివరి దృశ్యంలోనూ లేదు.