ఐపీల కాలంలో మన వరుస ఎక్కడ?

బద్వేలులో ఎవరినైనా అడగండి, 'ఐపీ పెట్టాడు' అంటే ఏమిటో చెబుతారు. అప్పులు తీర్చలేక కోర్టులో దివాళా పిటిషన్ వేశాడని అర్థం. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం మన పల్లెల దాకా వచ్చి ఈ రెండక్షరాల మాటగా మిగిలింది. వేరుశనగ వ్యాపారి ఐపీ పెట్టినా, చిట్టీల ఆసామి ఐపీ పెట్టినా వాడొక్కడే మునగడు, నమ్మి డబ్బిచ్చిన నలభై ఇళ్లు మునుగుతాయి.

2016లో కేంద్రం కొత్త దివాళా చట్టం తెచ్చింది. అందులోనూ ఒక ఐపీ ఉన్నాడు. ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్ అని ఆయన పేరు. కంపెనీ మునిగితే దాని పగ్గాలు చేతికి తీసుకుని, అప్పులవాళ్ల లెక్కలు రాసి, కొనేవాడిని వెతికి పెట్టి, ఫీజు తీసుకుంటాడు. పాత ఐపీ మునిగినవాడి గుర్తు. కొత్త ఐపీ మునిగిన ఇంట్లో జీతం దొరికినవాడి గుర్తు. కాలం ఎంత మారిందో చూడండి!

ఇప్పుడు ఈ రెండో ఐపీ పక్కన మనల్ని కూడా చేరమంటున్నారు. ప్రపంచంలో ఎక్కడ మాంద్యం మాట వినబడినా షేర్ మార్కెట్ సలహాదారులు ఒకటే పాట ఎత్తుకుంటారు. 'మాంద్యంలో అన్నీ పడిపోతాయి, దివాళా పనులు చూసే కంపెనీలు మాత్రం లేస్తాయి. బాకీలు కొనే కంపెనీల షేర్లు, మునిగిన కంపెనీల చవక షేర్లు కొని పెట్టుకోండి' అంటారు. పీఎఫ్ నుంచి అడ్వాన్సు తీసిన టీచరు, తొలి జీతంతో డీమ్యాట్ ఖాతా తెరిచిన కుర్రాడు ఈ మాట వింటున్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టుందని నీతి చెప్పడం సులువే. కానీ నీతి సంగతి పక్కన పెడదాం. లెక్కే చూద్దాం. దివాళా వ్యాపారంలో లాభం వరుసలో ముందు నిలబడినవాడిది. షేరు కొన్నవాడు ఆ వరుసలో ఆఖరివాడు. ఈ ఒక్క ముక్క సలహాదారు చెప్పడు.

కరువు గురించి సీమవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. కరువు యేడు పశువుల సంతలో రైతు ఏడుస్తూ ఎద్దును అమ్ముతాడు, దళారి తలకింత అని తీసుకుంటాడు. పైకి చూస్తే కరువు దళారికి పండగే. కానీ కరువు ముదిరి కొనేవాడే లేకుండా పోతే దళారి కూడా తువ్వాలు దులుపుకుని ఇంటికి పోవాల్సిందే. దివాళా వ్యాపారమూ ఇంతే. దానికి మునిగేవాడు ఒక్కడుంటే చాలదు, డబ్బున్న కొనుగోలుదారుడూ కావాలి, కోర్టు తలుపూ తెరిచి ఉండాలి.

2020లో ఏం జరిగింది? కరోనాతో దేశం మూతపడింది. సలహాదారుల లెక్క ప్రకారం దివాళా కంపెనీలకు అదే బంగారు కాలం కావాలి. కానీ ఆ యేడు మార్చి 25 తర్వాత ఎగవేసిన బాకీల మీద కంపెనీలను దివాళాకు లాగకూడదని ప్రభుత్వం చట్టాన్నే సవరించింది. మొదట ఆరు నెలలన్న ఆ ఆంక్ష 2021 మార్చి దాకా సాగింది. సరిగ్గా మాంద్యం నడిమధ్యలో దుకాణానికి తాళం పడింది. ఇంగ్లండులోనూ అదే కథ. అక్కడ సర్కారు సాయాలు, ఆంక్షల వల్ల 2020లో కంపెనీల దివాళాలు 1989 తర్వాత ఎన్నడూ లేనంత తగ్గాయి. మాంద్యం పెద్దదయ్యే కొద్దీ ప్రభుత్వాలు చేతులు కట్టుకు కూర్చోవు. ఓట్లున్న చోట కూర్చోలేవు.

మరి 2008లో లాభపడినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు దాని శిథిలాలు చక్కబెట్టిన పని అల్వారెజ్ అండ్ మార్సల్ అనే సంస్థది. ఫీజులు కోట్ల డాలర్లలో వచ్చాయి. కానీ అది భాగస్వాముల సొంత సంస్థ. దాని షేరు బజారులో దొరకదు. మన దేశంలోనూ ఐపీ ఫీజు వ్యక్తులకో, వాళ్ల వెనకున్న ఆడిట్ సంస్థలకో పోతుంది. మనం కొనడానికి అక్కడ షేరే లేదు.

ఇక మిగిలింది బాకీలు కొనే కంపెనీలు. వీటినే ఏఆర్‌సీలంటారు. 2002 సర్ఫేసీ చట్టంతో ఇవి పుట్టాయి. బ్యాంకుకు రావలసిన నూరు రూపాయల మొండి బాకీని ముప్పైకో నలభైకో కొంటాయి. అందులోనూ మొత్తం నగదు ఇవ్వవు. కొంత నగదు, మిగతాది సెక్యూరిటీ రసీదులనే కాగితం. వసూలైతే ఆ కాగితానికి విలువ, లేకపోతే లేదు. సొంత సొమ్ము కనీసం 5 శాతం పెడితే చాలన్న నిబంధనను 2014లో రిజర్వు బ్యాంకు 15 శాతానికి పెంచింది. ఎందుకు పెంచింది? వసూలు చేయకపోయినా ఏటేటా నిర్వహణ ఫీజుతో బతికేస్తున్నారు కాబట్టి! 2024 మేలో ఎడెల్‌వైజ్ ఏఆర్‌సీని కొత్త బాకీలు కొనొద్దని అదే రిజర్వు బ్యాంకు ఆపింది. ఏడు నెలలకు, డిసెంబరులో ఆ ఆంక్ష ఎత్తేసింది. మాతృసంస్థ షేరు కొన్న చిన్న మదుపరికి ముందు రోజు ఎవరైనా కబురు చెప్పారా? 2025లో ఈ రంగంలో పాతకాపు ఆర్సిల్ ప్రజలకు వాటాలు అమ్ముతామని సెబీ దగ్గర పత్రాలు దాఖలు చేసింది. ఆ పత్రాల్లో కొత్త పెట్టుబడి మాట లేదు, పాత వాటాదారులు తమ వాటాలు అమ్ముకోవడమే ఉంది. ఇరవై ఏళ్లు లోపల ఉన్నవాడు బయటికి వస్తూ మనల్ని లోపలికి రమ్మంటే ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలా, వద్దా?

తెలుగు నేల మీద దీనికి మించిన పాఠం ఉంది. దక్కన్ క్రానికల్ కంపెనీ 2017లో దివాళా విచారణకు వెళ్లింది. 2019 జూన్‌లో హైదరాబాదు ఎన్‌సీఎల్‌టీ ఒక పరిష్కార ప్రణాళికను ఆమోదించింది. తెచ్చిందెవరు? శ్రేయి గ్రూపు నడిపే నిధి. మునిగిన కంపెనీని ఒడ్డుకు చేరుస్తామని వచ్చిన ఆ గ్రూపులోనే రెండు ఫైనాన్సు కంపెనీల బోర్డులను 2021 అక్టోబరులో రిజర్వు బ్యాంకు రద్దు చేసి దివాళాకు పంపింది. ఈతగాడే మునిగాడు!

'మునిగిన కంపెనీ షేరు రెండు రూపాయలకు వస్తుంటే పోయేదేముంది' అంటారు ఇంకొందరు. ఆ రెండు రూపాయలే పోతాయి, అందరివీ కలిపి. ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ బ్యాంకుల బాకీలకు 2013లో పునర్వ్యవస్థీకరణ చేశారు. షేరు కొన్నవాళ్లు గట్టెక్కిందనుకున్నారు. 2017లో రిజర్వు బ్యాంకు దివాళాకు పంపమన్న తొలి పన్నెండు కంపెనీల జాబితాలో అది ఉంది. 2018 ఆగస్టులో ఆస్తులు అమ్మేయమని ట్రిబ్యునల్ ఉత్తర్వు ఇచ్చింది. డీహెచ్‌ఎఫ్‌ఎల్ షేరు 2021లో చివరి రోజుల దాకా జనం కొన్నారు. పిరమల్ గ్రూపు చేతికి పోగానే ఆ షేరు విలువ సున్నా అని రాసేశారు. కంపెనీ బతికింది. వాటాదారుడు బతకలేదు. ఈ రెండూ వేరువేరని గుర్తుంచుకోండి.

రుచి సోయా సంగతి ఎత్తుతారని తెలుసు. పతంజలి తీసుకున్నాక 2020 జనవరిలో పదిహేడు రూపాయల దగ్గర మొదలై జూన్‌కు పదిహేను వందలు దాటింది. నిజమే. కానీ పాత వాటాదారుల నూరు షేర్లను ఒక్కటిగా కుదించారు. జనం చేతిలో ఉన్న వాటా ఒక శాతం చుట్టూ మాత్రమే. సరుకే లేని సంతలో ధర ఎంతైనా పలుకుతుంది. సత్యం కంప్యూటర్స్ కూడా 2009లో లేచి నిలబడింది. అక్కడ కేంద్రం రోజుల్లోనే కొత్త బోర్డు వేసింది, ఖాతాదారులు మిగిలారు, నాలుగు నెలల్లోపే టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు ఇచ్చి కొన్నది. పని జరుగుతున్న కంపెనీ కాబట్టి బతికింది. తుప్పు పట్టిన ఫ్యాక్టరీకి ఆ భాగ్యం లేదు.

తుప్పు పట్టిన ఫ్యాక్టరీ అంటే సీమవాడికి వేరే బొమ్మ గీసి చూపాలా? బేతంచెర్ల దగ్గర సిమెంట్ నగర్‌ను చూడండి. 1955లో పుట్టిన పాణ్యం సిమెంట్స్ పేరు మీద ఒక ఊరే వెలిసింది. ఆ కంపెనీ కూడా ఎన్‌సీఎల్‌టీ మెట్లెక్కింది. 2021లో సాగర్ పవర్ అనే సంస్థ ప్రణాళికకు ట్రిబ్యునల్ ఆమోదముద్ర వేసింది. అనంతపురం వైపు పోతే చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు లేపాక్షి నాలెడ్జ్ హబ్‌కు ఇచ్చారు. ఉద్యోగాలొస్తాయని చెప్పారు. హబ్ రాలేదు. భూమిలో కొంత బ్యాంకులకు తాకట్టుగా పోయింది. మాతృసంస్థ ఇందూ ప్రాజెక్ట్స్ దివాళా విచారణకు వెళ్లాక ఆ భూముల గతి ఏమిటని 2022లో రాష్ట్రమంతా చర్చ జరిగింది. అంటే సీమ రైతు ఇచ్చిన నేల ఎక్కడో హైదరాబాదు గదిలో అప్పులవాళ్ల లెక్కల్లో ఒక పద్దు! ఈ దివాళా బజారుకు సరుకు మనది. గీటు పెట్టేవాడు, పాట పాడేవాడు, ఫీజు తీసుకునేవాడు మనవాడు కాడు.

అయితే చట్టమే వద్దంటామా? కాదు. పాత బీఐఎఫ్ఆర్ కాలంలో జబ్బుపడ్డ మిల్లుల ఫైళ్లు యేళ్లకేళ్లు మగ్గాయి. యంత్రాలు పాత ఇనుముకు పోయాయి, కార్మికులు ముసలివాళ్లయ్యారు. ఫ్యాక్టరీకి త్వరగా కొత్త యజమాని రావడం కార్మికుడికే మేలు. కొత్త చట్టం 330 రోజుల్లో తేల్చమంది. ఆచరణలో సగటు రెండేళ్లకు దగ్గరగా పోతోంది. అప్పులవాళ్లకు ఒప్పుకున్న బాకీలో వస్తున్నది మూడో వంతు చుట్టూనే. ముందు వరుసలోని బ్యాంకులకే ఇంత దక్కితే ఆఖరి వరుసకు ఏం మిగులుతుంది?

ఆ వరుసను చట్టం 53వ సెక్షన్‌లో రాసి పెట్టారు. ఆస్తులు అమ్మితే ముందు ఐపీ ఖర్చులు, ఫీజు. తర్వాత తాకట్టు ఉన్న బ్యాంకులు, వాటితో సమానంగా కార్మికుల 24 నెలల బకాయిలు. ఆ తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు. ఆపైన తాకట్టు లేని అప్పులు, ఆ కింద ప్రభుత్వ బాకీలు. అందరికన్నా అడుగున మామూలు వాటాదారుడు. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులైతే అసలు ఈ వరుసలోకే రావు, అవి కార్మికుడివే.

చూశారా? కార్మికుడిగా మనం బ్యాంకు పక్కన నిలబడతాం. షేరు కొన్నవాడిగా తలుపు బయట నిలబడతాం. చట్టం మనకిచ్చిన పై మెట్టు వదిలి, డబ్బిచ్చి మరీ కింది మెట్టు కొనుక్కోమంటున్నాడు సలహాదారు.

కానీ పై మెట్టు ఊరికే దొరకదు. కంపెనీ దివాళాకు పోగానే ఐపీ ఒక ప్రకటన వేస్తాడు. ఒక ఇంగ్లీషు పత్రికలో, ఒక తెలుగు పత్రికలో, లోపలి పేజీలో చిన్న పెట్టె. ఆయన నియామకం నుంచి 14 రోజుల్లో క్లెయిము వేయాలి. ఆలస్యమైనా 90 రోజుల దాకా తీసుకునే వీలుంది. కార్మికుడు, ఉద్యోగి విడిగా వేస్తే ఫారం డీ, అందరి తరఫున ప్రతినిధి వేస్తే ఫారం ఈ. ఎగవేత కోటి రూపాయలుంటే తప్ప కేసు వేయకూడదని 2020లో గీత గీశారు. ఒక్క కార్మికుడికి కోటి బాకీ ఎక్కడుంటుంది? కానీ కార్మిక సంఘం అందరి బకాయిలూ కలిపి కేసు వేయవచ్చని జేకే జ్యూట్ మిల్లు కేసులో సుప్రీంకోర్టు 2019లోనే తేల్చింది. సంఘం ఉన్నచోట హక్కు ఉంది. సంఘం లేనిచోట కాగితం ఉంది.

వరుసే లేనిచోట ఏమవుతుందో అగ్రిగోల్డ్ చూపించింది. 32 లక్షల మంది డిపాజిటర్లు, ఆరు వేల కోట్లకు పైగా సొమ్ము. మన జిల్లాలోనూ రోజు కూలి మీద బతికేవాళ్లు కట్టారు. 2019లో, 2021లో రాష్ట్ర ప్రభుత్వం పది లక్షల మందికి పైగా చిన్న డిపాజిటర్లకు ఇచ్చిన 900 కోట్లు ఖజానా నుంచి వచ్చినవి. కంపెనీ ఆస్తులు అమ్మి తెచ్చినవి కావు. అది కూడా వాళ్లు రోడ్డెక్కి అరిస్తే వచ్చింది.

అందుకే ఉద్యోగ మిత్రులకు, విద్యార్థులకు చెప్పేదొకటే. పీఎఫ్ డబ్బు తీసి దివాళా వ్యాపారంలో పోయకండి. దానికి బదులు లా, కామర్స్ చదివే మన పిల్లలు ఈ చట్టాన్ని చదవండి. పత్రికల్లో ఆ చిన్న పెట్టెలు కత్తిరించి సంఘాలకు అందించండి. ఫారం ఈ నింపడం నేర్చుకోండి. ఐపీ పరీక్ష రాసి మీరే ఐపీలు కండి. మనవాడు కుర్చీలో ఉంటే మన కార్మికుడి లెక్క మరిచిపోడు.

ప్రభుత్వాన్ని అడగవలసినవి రెండున్నాయి. రాయలసీమలో ఎన్‌సీఎల్‌టీ బెంచి లేదు, కర్నూలులో పెట్టాలి. సిమెంట్ నగర్ కార్మికుడు తన బకాయి కోసం బస్సు ఖర్చులు అప్పు చేసి సీమ దాటిపోవలసిన పనేమిటి? రెండోది, పరిశ్రమ కోసమని ఇచ్చిన భూమిలో పరిశ్రమ రాకపోతే అది అప్పులవాళ్ల పద్దులోకి పోకముందే వెనక్కి వచ్చేలా కేటాయింపు పత్రంలోనే రాయాలి.

మాంద్యం వస్తుంది, పోతుంది. కరువులు చూసిన నేల మనది. సంతలో మన ఎద్దు అమ్ముడుపోతున్నప్పుడు దళారి సంచిలో పావలా వాటా కోసం చేయి చాపడం కాదు, ఎద్దు ధర ఎంతో అడగడం నేర్చుకుందాం.