అయిదుకి అయిదు

మా కింది పోర్షన్‌లో ఉండే తమ్ముడు మొన్న ఆదివారం మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. బీటెక్ మూడో సంవత్సరం అయిపోయింది. "అన్నా, జర్మనీ ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్‌కి సెలెక్ట్ అయిన. ఒక్క సెమిస్టరే. అక్టోబర్ల పోవాలె. నువ్వు పోయొచ్చినవ్ గదా, ఎట్లుంటదన్నా?" అనడిగాడు.

నోట్లో మైసూర్‌పాక్ ఉంది కాబట్టి ఆ నిమిషానికి బతికిపోయా. ఏడేళ్లుగా ఈ ప్రశ్నకి నా దగ్గర ఒకటే రెడీమేడ్ జవాబు. "సూపర్ ఉంటది, లైఫ్‌లో ఒక్కసారైనా పోవాలె." చంపాపేట్‌లో ఏ ఫంక్షన్ హాల్లో భోజనానికి కూర్చున్నా పక్క కుర్చీ వాళ్లకి ఇదే చెప్పా. కానీ ఈ పిల్లాడి కోసం వాళ్లమ్మ బంగారం బ్యాంకుకి పోతోందని తెలిశాక ఆ మాట నోట్లోంచి రాలేదు. అందుకే అసలు సంగతి ముందు వాడికి చెప్పా, ఇప్పుడు మీకు చెప్తున్నా.

నేను వెళ్లింది 2018 సెప్టెంబర్ చివర్లో. ఎల్బీనగర్‌కి మెట్రో మొదలైన వారమే. "ఇంకా మెట్రో ఎక్కనేలేదు, విమానం ఎక్కుతుండు" అని అమ్మ అందరికీ చెప్పుకుంది. ఊరు డ్రెస్డెన్. ఎక్స్చేంజ్ కాబట్టి అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, ఇక్కడి కాలేజీ ఫీజు కడితే చాలు. అసలు బరువు బ్లాక్డ్ అకౌంట్‌ది. అక్కడ బతకడానికి మన దగ్గర డబ్బుందని నమ్మించేందుకు ముందే ఒక ఖాతాలో వేసి చూపించాలి. దాన్ని ఒకేసారి తీసుకోనివ్వరు, నెలకింత అని వదులుతారు. అప్పట్లో నెలకి 720 యూరోలు. ఆరు నెలలకి 4,320. మన డబ్బులో మూడున్నర లక్షలు దాటింది. ఇప్పుడు తమ్ముడికి నెలకి 992, ఆరు నెలలకి 5,952 యూరోలు.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్, దిల్‌సుఖ్‌నగర్ డిపో. పీఎఫ్ మీద కొంత తీశాడు, మిగతాదానికి అమ్మ గాజులు వెళ్లాయి. వీసా రావాలని చిలుకూరులో 11 ప్రదక్షిణలు నేను చేశా. వచ్చాక 108 మాత్రం నాన్న చేశాడు, వీక్లీ ఆఫ్ రోజున. నాకు షాపింగ్ ఉందట!

డ్రెస్డెన్ బాగుంటుంది, అందులో అబద్ధం లేదు. మధ్యలోంచి ఎల్బే నది. డిసెంబర్లో 1434 నుంచి జరుగుతున్న క్రిస్మస్ సంత. శనివారం పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి ప్రాగ్‌లో ఉండొచ్చు. నేను ఎక్కా కూడా, నాలుగుసార్లు. ఆ ఫొటోలు అమ్మ చంపాపేట్ అంతా చూపించింది.

చదువు దగ్గరే లెక్క తప్పింది. ఇక్కడ మనకి మిడ్లు, ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, 75 శాతం అటెండెన్స్. వెనక ఎవరో ఒకరు తోస్తూనే ఉంటారు. అక్కడ నేను తీసుకున్న నాలుగు సబ్జెక్టుల్లో హాజరు పిలిచినవాళ్లు లేరు. వారం వారం లెక్కల షీట్ ఇస్తారు, చేస్తే చేయి, లేకపోతే లేదు. మొత్తం గ్రేడు ఫిబ్రవరిలో రాసే ఒక్క పరీక్ష మీదే. ఎవరూ అడగట్లేదు కదా, ఇది ఈజీ అనుకున్నా. ఒక సెమిస్టర్ అంటే 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 30 గంటల పని, అంటే 900 గంటలు. ఈ లెక్క నేను వేసింది జనవరిలో. అప్పటికి నేను పెట్టింది అందులో సగం కూడా కాదు.

అర్థం కావట్లేదని ఎవరికీ చెప్పలేదు. అక్కడి పిల్లలు క్లాసు మధ్యలో చెయ్యెత్తి "నాకిది అర్థం కాలేదు" అని నిదానంగా అనేవాళ్లు. మనకేమో నలుగురిలో అలా అడిగితే నామోషీ. చలికాలం డ్రెస్డెన్లో సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకుతుంది. నాన్న డ్యూటీ దిగి, తిని, రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తే అక్కడ నాలుగున్నర. రెండు చోట్లా చీకటే. "మంచిగున్నవా?" "మంచిగున్న నాన్నా." "చదువు?" "మంచిగ నడుస్తుంది." ఆ కాల్ పెట్టేశాక చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ని.

మార్చిలో రిజల్ట్ వచ్చింది. అక్కడ గ్రేడింగ్ మనకి రివర్స్. 1.0 అంటే అందరికంటే టాప్. 4.0 దాకా పాస్. 5.0 అంటే ఫెయిల్. నాకు ఒకదాంట్లో 3.7, ఒకదాంట్లో 4.0, రెండింట్లో 5.0. నాన్న ఫోన్లో అడిగాడు, చదివి వినిపించా.

"ఎన్నింటికి?"

"అయిదుకి."

"రెండింట్ల అయిదుకి అయిదా! మరి ఆ 3.7 ఎందుకట్ల తగ్గింది?"

"ఆ పేపర్ కొంచెం కష్టమొచ్చింది నాన్నా."

నేను అబద్ధం చెప్పలేదని చాలాకాలం సర్దిచెప్పుకున్నా. చెప్పిన అంకెలన్నీ నిజమే కదా! కానీ అమ్మ ఆ సాయంత్రం కిలో బాలూషాహీ తెచ్చి గల్లీలో పంచింది.

ఎందుకు దాచావంటే, భయం ఒక్కటే కాదు. యూరప్‌లో 1987 నుంచి ఎరాస్మస్ అని ఒక పథకం ఉంది, పిల్లలు పక్క దేశంలో ఒక సెమిస్టరో రెండో చదువుకుని ఇంటికొస్తారు. మన గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీకి కూడా సెమిస్టర్ కోసం విదేశీ పిల్లలు వస్తుంటారు, వెళ్తుంటారు. "ఎందుకు తిరిగొచ్చినవ్" అని వాళ్లనెవరూ అడగరు. మన దగ్గర ఫారిన్ చదువంటే ఎమ్మెస్, జాబ్, సెటిల్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ కన్సల్టెన్సీ బోర్డు చూసినా అదే. ఆరు నెలలకి తిరిగొచ్చినవాణ్ని "వీసా క్యాన్సిలైందా?" అని అడుగుతారు. వాళ్ల ముందు ఫెయిలై రావడం నావల్ల కాలేదు.

అక్కడ చేసిన ఒకే ఒక్క మంచి పని, బయల్దేరే ముందు నా పేపర్లు చూసుకోవడానికి వెళ్లడం. పరీక్ష దిద్దాక ఒక రోజు పెడతారు, వెళ్లి మన ఆన్సర్ షీట్ మనమే చూసుకోవచ్చు. అక్కడున్న ట్యూటర్ నా పక్కనే కూర్చుని, రెండో ప్రశ్నలో ఏ లైన్ దగ్గర దారి తప్పానో పెన్సిల్‌తో చూపించాడు. తిట్టలేదు. సెమిస్టర్ పరీక్షలో నేనెక్కడ తప్పు చేశానో ఒకరు పక్కన కూర్చుని చూపించడం నాకదే మొదటిసారి. అక్టోబర్లోనే ఇతన్ని అడిగుంటే పోయేది కదా అనిపించింది.

మే నెలలో మార్కుల లిస్టు పోస్టులో ఇంటికొచ్చింది. నేను బయట ఉన్నా. వచ్చేసరికి నాన్న కళ్లజోడు పెట్టుకుని కాగితం వెనక వైపు చదువుతున్నాడు. గ్రేడ్లకి అర్థాలు వెనకే, ఇంగ్లీషులో కూడా ఉన్నాయి. అప్పటికే ఆ రెండు సబ్జెక్టులు ఇక్కడ బ్యాక్‌లాగ్స్ అయ్యాయి. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ లెటర్లో, చేరేనాటికి బ్యాక్‌లాగ్స్ ఉండకూడదని రాసుంది.

నాన్న అరవలేదు. కాగితం మడిచి టేబుల్ మీద పెట్టాడు. "డ్యూటీల క్యాష్ తక్కువొస్తే మేం ఆ రాత్రే డిపోల చెప్పి జేబుల కెల్లి కడ్తం. అది షార్టేజ్. చెప్పకుండ దాస్తే అది దొంగతనం. పైసలు రెండింట్ల అవే, పేరే మారుతది" అన్నాడు. ఇంకేం అనలేదు. వారం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. గాజుల గురించి ఒక్క ముక్క ఎత్తలేదు, ఎత్తినా బాగుండేది.

సప్లిమెంటరీలో రెండూ రాసి గట్టెక్కా. ఉద్యోగంలో చేరా. గాజులు రెండో ఏడాది ఇంటికొచ్చాయి. ఇప్పుడు ఆఫీసులో నా కోడ్ వల్ల సిస్టమ్ పడిపోతే, అందరికంటే ముందు గ్రూపులో మెసేజ్ పెట్టేది నేనే. "నావల్లే అయింది, చూస్తున్నా" అని. నన్ను ధైర్యవంతుడు అనుకుంటారు. వాళ్లకి మా నాన్న సంగతి తెలీదు.

తమ్ముడితో "పో, తప్పకుండా పో" అనే చెప్పా. వెళ్లేముందు ఏ సబ్జెక్టుకి ఇక్కడ ఏది లెక్కలోకి వస్తుందో కాలేజీతో రాతపూర్వకంగా తీసుకో. అక్కడ సబ్జెక్టు తీసుకున్నంత మాత్రాన సరిపోదు, పరీక్షకి విడిగా పేరు నమోదు చేసుకోవాలి, తేదీ దాటనియ్యకు. మొదటి వారం షీట్ మొదటి వారమే చెయ్యి. అర్థం కాకపోతే చెయ్యెత్తు. దుకాణాలు ఆదివారం మూసుంటాయి, శనివారమే బియ్యం తెచ్చిపెట్టుకో. ఇంటికి ఫోన్ చేసినప్పుడు బాగోలేకపోతే బాగోలేదనే చెప్పు.

వాడు తలూపుతూ దిగుతుంటే కింద వాళ్లమ్మతో మా నాన్న మాట్లాడుతున్నాడు. రిటైరయ్యాక ఆయనకి అదే డ్యూటీ. పైకి స్పష్టంగా వినిపించింది.

"అమ్మా, అక్కడ ఒకటొస్తే మిఠాయి పంచుండ్రి. అయిదొస్తే మాత్రం ముందు నాకు చెప్పుండ్రి."